డౌన్ అయిన కారు బ్యాటరీకి జంప్ స్టార్ట్ ఇచ్చే ముందు

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే స్టార్టింగ్‌కి వాడిన చార్జ్ మళ్ళీ ఎక్కేలోపే ఇంజన్ ఆపేస్తాం, అలా అలా బ్యాటరీ దిగిపోతుంది. జంప్ స్టార్ట్ అంటే వేరే కారు మంచి బ్యాటరీ నుంచి కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేయడం. ఆ కేబుల్స్ పెట్టే ముందు ఇవి చూస్కోండి.

- బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, లీకైనా ముట్టుకోవద్దు, మెకానిక్‌ని పిలవండి.
- ఉంగరం, వాచ్ తీసేయండి. రెండు కార్లూ 12 వోల్టులేనా? లైట్లు, ఏసీ ఆఫ్.
- ఎర్ర కేబుల్ ప్లస్ నుంచి ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం డౌన్ అయిన బ్యాటరీకి కాదండీ, దానికి దూరంగా ఆ డౌన్ అయిన కారు ఇంజన్ మీదే పెయింట్ లేని మెటల్‌కి పెట్టాలి, ఎందుకంటే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. కొన్ని కార్లకి పాయింట్లు వేరే ఉంటాయి, మాన్యువల్ చూడండి.
- స్టార్టయ్యాక అరగంట తిప్పితే ఫుల్ అవ్వదు, చార్జర్ పెట్టండి. చార్జర్ తీసిన కొన్ని గంటల తర్వాత బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి.