నెలలు నిండని బిడ్డ తల స్కాన్‌లో తెల్లమచ్చ: ఎంఆర్‌ఐ రాసే ముందు ప్రోబ్ తిప్పి చూడండి

సమస్య: 32 వారాల్లోపు పుట్టిన బిడ్డ. ముందు మాడు మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే వెంట్రికిల్ (మెదడులోని నీటిగది) వెనక కొమ్ము పక్కన తెల్లగా కనిపిస్తుంది. వెంటనే రిపోర్టులో "పీవీఎల్ అనుమానం, ఎంఆర్‌ఐ చేయించాలి" అని పడుతుంది. పీవీఎల్ అంటే ఆ నీటిగదుల పక్కనున్న మెదడు భాగం దెబ్బతినడం. పర్లాకిమిడి నుంచైనా గుణుపురం నుంచైనా ఎంఆర్‌ఐ అంటే బరంపురమో విశాఖో పోవాలి. "బుర్రలో ఏటో మచ్చుందంట బాబూ, పిల్ల నడుస్తాదా?" అని తండ్రి అడుగుతాడు. ఇంకో వైపు నుంచి చూశారా అని డ్యూటీ డాక్టర్ని అడిగితే మాత్రం జవాబుండదు.

అసలు కారణం: చాలాసార్లు అది జబ్బు కాదు, కోణం. అక్కడి నరాల పోగులు ముందు మాడు నుంచి వచ్చే ధ్వనికి అడ్డంగా పడతాయి, అందుకే ఎక్కువ తిప్పికొడతాయి. బరంపురం పట్టుచీర ఒక వైపు నుంచి మెరిసి, ఇంకో వైపు నుంచి మామూలుగా కనిపించినట్టే. పైగా సీపాప్ (ఊపిరికి సాయం చేసే గాలి యంత్రం) టోపీతో బిడ్డ తల ఒక పక్కకు వాలి ఉంటుంది. కరోనల్ కోత (తలను చెవి నుంచి చెవికి అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) ఏటవాలుగా వచ్చి, ఒక పక్క మాత్రమే తెల్లబడుతుంది. ఒక పక్కే ఉంది కాబట్టి జబ్బే అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఏం చేయాలి: మొదట పుర్రె ఎముకలు, సిల్వియన్ చీలికలు (మెదడు పక్కల ఉండే లోతైన గాళ్లు) రెండు పక్కలా సమానంగా వచ్చేలా ప్రోబ్ సరిచేయండి. తర్వాత వెనక మాడు నుంచి చూడండి. మెరుపు మాయమైతే అది కోణం పనే. రెండు చోట్ల నుంచీ నిలిస్తే కోరాయిడ్ ప్లెక్సస్‌తో (నీటిగదుల్లో మామూలుగానే తెల్లగా కనిపించే కణజాలం) పోల్చండి. దానికంటే మసకగా ఉంటే మామూలుదే కావచ్చు. దానంత తెల్లగానో, ఇంకా ఎక్కువగానో ఉంటే పట్టించుకోవాలి. అప్పుడు కూడా బిడ్డను బండెక్కించకుండా వారం తర్వాత మళ్లీ స్కాన్ చేయండి. 7 రోజులు దాటినా నిలిస్తేనే పీవీఎల్ మొదటి గ్రేడ్ అంటారు. నీటితిత్తులు 2 నుంచి 4 వారాలకు బయటపడతాయి కాబట్టి తొలి వారం స్కాన్ బాగుందని వదిలేయడమూ తప్పే.

కాడేట్-థాలమస్ గాడి (నీటిగది అడుగున ఈ రెండు మెదడు భాగాల మధ్య సందు) ముందు తెల్లగా ఉంటే రక్తస్రావం అనుకోండి, ప్లెక్సస్ అంత ముందుకు రాదు. ఈ రక్తస్రావం ఎక్కువ భాగం తొలి 3 రోజుల్లోనే జరుగుతుంది.

పుట్టగానే ఏడవక, తర్వాత ఫిట్స్ వచ్చిన బిడ్డకు మొదటి రోజు స్కాన్ మామూలుగా రావచ్చు. ఎంఆర్‌ఐ అవసరం ముఖ్యంగా అలాంటి బిడ్డకు, అదీ బిడ్డ కుదుటపడ్డాక, మొదటి వారంలోనే.

గేలెన్ సిర జబ్బు (మెదడు మధ్యలోని పెద్ద సిర ఉబ్బడం), పుట్టుకతో వచ్చే ఇన్ఫెక్షన్ వల్ల పడే సున్నపు చుక్కలు అరుదు. కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపండి.

రిపోర్టులో మాత్రం ఏ మాడు నుంచి చూశారో, బిడ్డకు ఎన్ని వారాలో, తర్వాతి స్కాన్ ఏ తారీఖో రాయండి.