పక్క సీటు మనిషితో – నాలుగో పాఠం: ఎదురు ప్రశ్నలు

మూడో పాఠం దాకా పగ్గాలు మన చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడు పలకరించాలో, ఎంతసేపు వినాలో, క్రీస్తును ఎట్లా నమ్ముకున్నామో రెండు స్టాపుల మధ్య చెప్పగలిగేంత చిన్నగా ఎట్లా చేసుకోవాలో నేర్చుకున్నాం. ఇప్పుడు పగ్గాలు అవతలి మనిషికి ఇచ్చేస్తున్నాం. మీరు నాలుగు ముక్కలు చెప్పి ఆగారు. పక్కనున్న మనిషి ఒక ప్రశ్న వేశాడు. ఆ తర్వాత సంగతే ఈ పాఠం.

దేవుడున్నాడా లేడా అని మన దగ్గర ఎవరూ అడగరు. త్రిత్వం గురించి అసలే అడగరు. దేవరకొండ బస్సులో, జడ్చర్ల చౌరస్తాలో, మిర్యాలగూడ రైసుమిల్లు ముందర చాయ్ బండి కాడ వచ్చే ప్రశ్నలు వేరు. పైసలిస్తరంట, నిజమేనా? మీరు ఏమోళ్లు? బొట్టెందుకు పెట్టుకోరు? పసాదమెందుకు తినరు? మా దేవుండ్లు దేవుండ్లు కాదా? ప్రార్థన చేస్తే నా నడుం నొప్పి పోతదా? ఎక్కడో అచ్చయిన శిక్షణ పుస్తకాల్లో వీటికి జవాబులు వెతకడం దండగ.

నియమం ఒక్కటే: అడిగినదానికే, అడిగినంతే. పేతురు మొదటి పత్రిక 3:15 మనవాళ్లకు కంఠతా వచ్చు. సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలన్న ముక్క అందరికీ గుర్తుంటుంది. అది అడిగినవాళ్లకని, సాత్వికంతో చెప్పాలని ఉన్న ముక్కలు మాత్రం చర్చి గేటు దగ్గరే రాలిపోతాయి. బొట్టు గురించి అడిగితే ఆదికాండం నుంచి మొదలుపెట్టేవాళ్లను చూశాను. అడిగిన ఆమె తర్వాతి స్టాపులో దిగిపోతుంది, దిగాల్సిన ఊరు కాకపోయినా.

పైసల ప్రశ్నతో మొదలుపెడదాం, ఎక్కువసార్లు వచ్చేది అదే కాబట్టి. కోపం తెచ్చుకోవద్దు. అడిగిన మనిషి విన్నదే అడుగుతున్నాడు. “నాకెవరూ రూపాయి ఇయ్యలేదక్కా. ఉల్టా ఆదివారం కానుక సంచిల నేనే ఏసి వస్త.” ఇది నిజమైతే ఇంతే చాలు. “మల్ల ఆ బళ్లు, దవాఖానలు తెల్లోళ్లు కట్టలేదా?” అంటే, కట్టారు అని ఒప్పుకోండి. పాలమూరు జిల్లాలో అమెరికా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు పనిచేశారు, మన ఎంబీ చర్చీల పేరు అక్కడిదే. నల్గొండలో 1890 ప్రాంతంలో మిషను పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చినవాడు. దాచడానికి ఇందులో ఏముంది? అయితే క్రిస్మస్‌కు మీ సంఘంలో బియ్యం, దుప్పట్లు చర్చికి వచ్చేవాళ్లకే ఇస్తుంటే మాత్రం ఈ ప్రశ్నకు మీ నోట ఏ జవాబూ నిలబడదు. ముందు సంఘపెద్దలతో మాట్లాడండి. ఇస్తే వాడలో అందరికీ ఇవ్వాలి.

“మీరు ఏమోళ్లు?” అన్న ప్రశ్నకు చాలామంది “మేం క్రైస్తవులం, మాకు కులం లేదు” అనేస్తారు. నాకది నచ్చదు. మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు ఎట్లా కుదురుతున్నాయో అడిగినవాళ్లకూ తెలుసు. నల్గొండలో, పాలమూరులో ముందు నమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. ఊరి బావి కాడికి రానియ్యనివాళ్లను ఏసు తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడన్న మాట వాళ్ల చెవిన పడింది. మీ తాత కథ అదే అయితే అదే చెప్పండి. అది తలెత్తుకుని చెప్పాల్సిన కథ. మీది వేరే కులమైతే మీది చెప్పండి.

దీని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది, ముఖ్యంగా చదువుకునే పిల్లల నుంచి: “చర్చిల కలిస్తే సర్టిఫికెట్ పోతదా అన్నా?” ఇక్కడ మెత్తగా దాటేయడం మోసం కిందికే వస్తుంది. తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. మన తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల పిల్లలు బీసీ–సి, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు కింద వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉన్న చోట బీసీ–సికి ఉన్నది 1 శాతం. ఎస్టీ హోదాకు మతంతో అట్లాంటి ముడి లేదు కాబట్టి దేవరకొండ తండాల పిల్లలకు జవాబు వేరు. ఇంతవరకు చెప్పి, మిగతాది తెలిసిన వకీలును అడగమనండి. “అయేం చూడకు, దేవుడు చూసుకుంటడు” అని మాత్రం అనకండి. ఆ పిల్లవాడి ఉద్యోగం వాడిది. లెక్క వేసుకుని నిర్ణయించుకునే హక్కూ వాడిదే. కూర్చుని ఖర్చు లెక్కపెట్టుకోకుండా గోపురం కట్టడం మొదలుపెట్టేవాడు ఎవడని ఏసే అడిగాడు, లూకా 14లో.

ప్రసాదం సంగతి నిదానంగా చూద్దాం. కార్తీకంలో కురుమూర్తి జాతర రోజుల్లో దేవరకద్ర నుంచి పాలమూరు వచ్చే పల్లెవెలుగు బస్సు ఎక్కండి, ఈ పాఠం దానంతటదే వస్తుంది. మా సంఘంలో ఒక చెల్లెకు అట్లనే వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న అవ్వ ఒళ్లోని పేపరు పొట్లం విప్పింది. కొబ్బరి ముక్క, అంచుకు అంటిన కుంకుమ, పిడికెడు పేలాలు. “తీస్కో బిడ్డా, కురుమూర్తి సామి పసాదం.”

తినాలా వద్దా అన్నదాంట్లో మన సంఘాలకే ఒక్క మాట లేదు. విగ్రహాలకు పెట్టిన తిండి గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. పౌలు ఒక్క మాటలో తేల్చలేదు, నేనూ తేల్చను. మీ మనస్సాక్షి వద్దంటే వద్దు. నేర్చుకోవాల్సింది వద్దనే పద్ధతి. “మేం ముట్టం” అనకండి. ఈ నేల మీద ఆ మాట ఎవరిని ఎట్లా కోసిందో మన తాతలకు తెలుసు. ఆ చెల్లె ముందు రెండు చేతులూ జోడించింది. “కోపం చేసుకోకు అవ్వా, నేను ఏసయ్యను నమ్ముకున్న, పసాదం తినను. నన్ను బిడ్డ లెక్క సూసినవ్, గదే సాలు.” అని ఊరుకోలేదు, వెంటనే “మెట్లెక్కినవా అవ్వా, మోకాళ్లు నొయ్యలేదా?” అని అడిగింది.

చూశారా, కారణం ఒక్క ముక్క. తర్వాత మాట మళ్లీ అవ్వ వైపే తిరిగింది. అవ్వ మోకాళ్ల గురించి చెప్పింది, బొంబాయిలో సెంట్రింగ్ పనికి పోయిన కొడుకు గురించి చెప్పింది, మనవడి పుట్టువెంట్రుకల మొక్కు గురించి చెప్పింది. కొంచెం దూరం పోయాక ఆమే అడిగింది: “మల్ల మీ దాంట్ల గుండు కొట్టియ్యరా?” చెల్లెకు నవ్వాగలేదు. “లేదవ్వా, మొక్కు లేకున్నా ఇంటడని మా నమ్మకం.” అక్కడే ఆగింది. ఇంకో రెండు వాక్యాలు నాలుక చివర దాకా వచ్చాయట. వాటిని మింగడమే ఈ పాఠంలో కష్టమైన పని, వట్టి పుస్తకం చదివితే రాదు.

బొట్టు ప్రశ్న చిన్నది. “మా ఇంట్ల అలవాటు లేదు” అనండి, లేదా మీ కారణం చెప్పండి. అడిగినామె బొట్టు మీద వ్యాఖ్యానం వద్దు.

“మా దేవుండ్లు దేవుండ్లు కాదా?” దీనికి చాలామంది తడబడతారు, లేదా రెచ్చిపోతారు. అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయం చివర, పౌలు బోధ మీద ఎఫెసులో జరిగిన గొడవ చూడండి. జనం రెండు గంటలసేపు కేకలు వేశాక ఊరి కరణం లేచి, వీళ్లు గుడి దోచినవాళ్లు కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అని సాక్ష్యమిస్తాడు. పౌలు ఆ ప్రాంతంలో ఉన్నది రెండేళ్లకు పైనే. అంతకాలం బోధించినా ఎదుటి పక్షం అధికారి నోట ఆ మాట వచ్చేలా ఉన్నాడు. మీ ఊరి సర్పంచ్ మీ గురించి ఆ మాట అనగలడా? జవాబు ఇట్లా ఉండొచ్చు: “మీ దేవుని గురించి చెప్పనీకె నాకేం తెలుసన్నా. నాకు జరిగింది చెప్పిన.” పచ్చిగా అడిగితే, అంటే “ఏసొక్కడేనా దేవుడు?” అంటే, “నేను నమ్మింది అదే” అనండి. దాచొద్దు, సాగదీయొద్దు.

ఇక రోగం. ఇదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న. మర్రిగూడ, మునుగోడు వైపు పోయినవాళ్లకు తెలుసు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుం వంగిపోయిన పెద్దవాళ్లు ఆ ఊళ్లలో ఎందరో. కట్టె ఆనించుకుని అరుగు మీద కూర్చున్న తాత, మెడ మొత్తం తిప్పలేక మనిషే ఇటు తిరిగి, “ఏసుకు మొక్కితే నా నడుం నిటారుగైతదా?” అని అడిగితే ఏం చెబుతారు? “విశ్వాసం ఉంటే అయితది తాతా” అన్న జవాబు వినడానికి బాగుంటుంది. కాకపోతే తప్పు తాత విశ్వాసానిదే అయిపోతుంది. బొక్కలు గట్టిపడ్డ మనిషి నెత్తిన ఇంకో మూట పెట్టినట్టు. నేనైతే ఇట్లా చెప్పమంటాను: “అయితదని నేను మాటియ్యలేను తాతా. నీ కోసం దేవున్ని అడుగుత. నువ్వు దవాఖాన మాత్రలు ఆపకు.” ఆ చివరి ముక్క ఎప్పుడూ వదలకూడదు. షుగరు, బీపీ, ఫిట్స్, టీబీ, ఏ జబ్బయినా ప్రార్థన పేరు చెప్పి మందు ఆపించడం ప్రాణాలతో ఆట.

ప్రార్థన చేయమంటే ఎట్లా చేయాలి? పేరడగండి. “ఇప్పుడే చెయ్యాల్నా, ఇంటికి పోయినంక చెయ్యాల్నా?” అని అడగండి, చాలామంది ఇంటికి పోయాక చేయమంటారు, అప్పుడు తప్పకుండా చేయండి. ఇక్కడే చేయమంటే అర నిమిషం, మామూలు గొంతుతో, మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో. తల మీద చేయి పెట్టొద్దు, ఆడవాళ్ల విషయంలో అసలే వద్దు. ప్రార్థన నూనె సీసా సంచిలోనే ఉండనివ్వండి. దవాఖాన వార్డులో అయితే రోగి ఒప్పుకుంటే చాలదు, పక్కనున్న ఇంటివాళ్ల ముఖం కూడా చూడాలి.

చట్టం గురించి కొంచెం. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. అయితే ప్రచారం చేసే హక్కంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రార్థనా స్థలాల్లో వేరే మతం ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. కాబట్టి యాదగిరిగుట్ట మెట్ల మీద కరపత్రాలు పంచాలన్న ఆలోచన వద్దు. చట్టం లేకున్నా వద్దనే అంటాను, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి మీ మాట వినడానికి రాలేదు. మీ చేతి కింద పనిచేసే కూలీకి, మీ దగ్గర చదివే పిల్లకు కూడా మీరుగా మొదలుపెట్టకండి. వాళ్లు కాదనలేరు. ఎవరైనా ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలుపెడితే వాదించకుండా నమస్కారం చేసి లేవండి.

ఈ వారం అభ్యాసం. పైన చెప్పిన ఆరు ప్రశ్నలకూ నోటుబుక్కులో రెండేసి వాక్యాల జవాబు రాయండి, మూడో వాక్యం రాస్తే కొట్టేయండి. తర్వాత ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, మన యాసలోనే, కొంచెం ఎగతాళిగా అడగమనండి. మన పిల్లలు ఈ పని మహా సంతోషంగా చేస్తారు. అది అయ్యాక, బాగా తెలిసిన ఒక హిందూ లేదా ముస్లిం పక్కింటివాళ్లకు ఆ జవాబులు చదివి వినిపించి, ఎక్కడ గుచ్చుకుందో చెప్పమనండి. వాళ్లను ఒప్పించడానికి కాదని ముందే చెప్పాలి. వాళ్లు చూపించిన చోట గీత గీసి, మళ్లీ రాయండి. అయిదో పాఠానికి ఆ గీతలున్న నోటుబుక్కే కావాలి. ఆ పాఠంలో “మల్ల వస్తవా?” అని అడిగిన మనిషి దగ్గరికి రెండోసారి ఎట్లా పోవాలో చూద్దాం.