మృదంగం తొప్పికి (ఎడమ ముఖానికి) రవ్వ పెట్టి శ్రుతి చేయడం ఎలా?

మృదంగం గుల్ల పనస కొయ్యది. తమిళనాడులోని పన్రుటి పనసకు మంచి పేరు. కుడి ముఖం మధ్యలోని నల్లటి పూత, అంటే కరణ, శాశ్వతంగా ఉండేది: నల్లరాతి పొడిని అన్నంతో నూరి, పలచటి పొరలుగా వేసి, ఒక్కో పొరనూ నున్నటి రాయితో రుద్దుతారు. అది వాద్యాలు చేసేవాళ్ళ పని, ఇంట్లో ప్రయత్నించకండి. ఎడమవైపు తొప్పికి మాత్రం వాయించే ముందు ప్రతిసారీ రవ్వ పెట్టాలి.

ముందు పాడేవారి శ్రుతికి తగిన వాద్యం తీసుకోండి. 1 శ్రుతికి (షడ్జమం C) సుమారు 24 అంగుళాలది, 5 శ్రుతికి (షడ్జమం G) 22 అంగుళాలది. పెద్దదాన్ని బలవంతంగా 5కు లాగితే తోలు చిరుగుతుంది.

తంబూరా పెట్టుకుని కుడి ముఖంతో మొదలుపెట్టండి. అంచు చుట్టూ తోలు పట్టీ (వారు) దూరే 16 చోట్లా వేలితో మీటి వినండి. స్వరం తగ్గినచోట జడ (ముఖం అంచు చుట్టూ అల్లిన తోలు కట్టు) మీద కొయ్యముక్క ఆనించి, రాయితో గుల్ల నడుము వైపు కొట్టాలి. తోలు బిగిసి శ్రుతి పెరుగుతుంది. హెచ్చినచోట జడ కింది నుంచి ముఖం వైపు కొట్టాలి. ఒకచోట కొట్టాక దాని ఎదుటి చోటు కూడా చూడండి. ఒకవైపే కొడుతూ పోతే జడ ఒరిగిపోతుంది. రాయి కరణకు తగలకూడదు, కరణ రాలితే బురబురమంటుంది.

ఇప్పుడు రవ్వ. సన్నటి పచ్చి బొంబాయి రవ్వ రెండు పెద్ద చెంచాలు చాలు; వేయించినదానికి జిగురు రాదు. కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, చపాతీ పిండికంటే కాస్త మెత్తగా పిసకండి. తొప్పి మధ్యభాగాన్ని తడిచేత్తో తుడిచి, ముద్దను గుండ్రంగా అద్ది అంచులు పలచగా నొక్కండి. నీళ్ళెక్కువైతే జారి చిందుతుంది, తక్కువైతే వాయిస్తుండగానే ఊడిపోతుంది. ముద్ద పెంచితే స్వరం దిగుతుంది, గిల్లితే ఎక్కుతుంది. మంద్ర షడ్జమంలో గుమికి (తొప్పి మీద పలికే గుమ్మనే నాదం) గుండ్రంగా పలికేదాకా సరిచూడండి. కొందరు మంద్ర పంచమం ఇష్టపడతారు.

చెన్నై ఉక్కలోంచి ఏసీ సభలోకి వెళ్ళగానే తోలు ఆరి శ్రుతి పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో చేసిన శ్రుతిని నమ్మొద్దు. హాల్లో పావుగంట ఉంచాకే చివరి సర్దుబాటు చేయండి.

కచేరీ అవగానే, పచ్చిగా ఉన్నప్పుడే రవ్వ తీసేసి తడిగుడ్డతో తుడవండి. ఎండిపోయాక గీకితే తోలు లేస్తుంది. వదిలేస్తే బొద్దింకలు, ఎలుకలు తోలునే కొరుకుతాయి.