కొత్త సన్నాయి కొనే ముందు పీక సంగతి చూడండి

మా నల్గొండ వైపు సన్నాయి నేర్చుకునే పిల్లలు రెండేళ్లు తిరగకముందే తమిళనాడు నరసింగంపేటలో చేసిన పెద్ద వాయిద్యం కావాలంటున్నారు. కోరిక మంచిదే. డబ్బు కట్టే ముందు మాత్రం ఒక పని చేయండి. మీ పాత సన్నాయిని గురువుగారికిచ్చి, ఆయన పీకతోనే, అంటే నోట పెట్టి ఊదే రెల్లు నాలుకతోనే, పది నిమిషాలు వాయించమనండి. శ్రుతి కుదిరిందా? అయితే లోపం కర్రలో లేదు, మీ పీకలోనో ఊపిరిలోనో ఉంది. నేను ఇది చూసుకోకుండా అప్పు చేసి కొత్తది కొన్నాను. చెరువుగట్టు జాతరలో అదే అపస్వరం మళ్లీ పలికింది. ఆ బాధ ఇంకొకరికి వద్దు.

ఆయన వాయించినా పైస్థాయి స్వరాలు పక్కకు జారుతుంటే, శ్రుతి సర్దే అడుగు రంధ్రాల్లో మైనం సరిచేసినా దారికి రాకపోతే, అప్పుడు మార్చాల్సిందే.

కొనేటప్పుడు మీ మేళంలో జతగాడి శ్రుతి ఎంతో ముందే అడగండి. సన్నాయిల్లో పొట్టి రకమైన తిమిరి హెచ్చు శ్రుతిలో, పొడుగు రకమైన బారి తగ్గు శ్రుతిలో పలుకుతాయి, రెండూ కలిసి నడవవు. కర్ర ఏళ్ల తరబడి ఆరిందేనా అని కూడా అడగాలి. పాత ఇళ్ల దూలాల నుంచి తీసిన ఆచ్చా కర్రను, అంటే మన నారేపి చెట్టు కర్రను, అందుకే వెతుక్కుంటారు. మీకు అలవాటైన పీక వెంట తీసుకెళ్లి, కనీసం అరగంట వాయించి చూడండి.