అంకెలు రెండేసి కనిపిస్తుంటే: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో పద్దులు రాస్తాను. మధ్యాహ్నం దాటితే కాటా చీటీల్లో అంకెలు రెండేసి కనిపించేవి, నుదురు పీకేసేది. ఒక కన్ను మూస్తే మాత్రం ఒక్కటే అంకె! సైటు లేదన్నారు. ఇంకో డాక్టరుగారు పెన్ను ముక్కు దగ్గరికి తెస్తూ చూశారు. పెన్ను ఇంకా బాగా దూరంలో ఉండగానే నా కన్ను ఒకటి పక్కకి జారిపోయింది.

దగ్గరవి చూడాలంటే కంట్లో కటకం ఉబ్బి ఫోకస్ కుదరాలి, రెండు కళ్లూ ముక్కువైపు తిరగాలి. ఇవి కాడి కట్టిన ఎడ్లు, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. నా కళ్లు ముక్కువైపు చాలినంత తిరగక (దీన్నే కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు) అంకెలు రెండయ్యేవి, ఆ లోటు పూడ్చడానికి ఫోకస్ అతిగా బిగుసుకునేది. ఒక్కోసారి మసగ్గా కనిపించేదీ అందుకే.

నయం చేసింది పూసల దారం. ఒక కొస కిటికీ ఊచకి, రెండోది ముక్కుకి. పూసని చూస్తే దారం రెండుగా కనిపించి సరిగ్గా పూస దగ్గరే కలవాలి. నాకు పూస అవతల కలిసేవి! రోజూ చేస్తుంటే మెల్లగా దగ్గరికొచ్చాయి. అయితే ఇదే సమస్య ఉన్న పిల్లల మీద 2008లో వెలువడిన అమెరికా పరీక్షలో, ఇంట్లో పెన్సిల్‌ని చూస్తూ ముక్కు దగ్గరికి తెచ్చే వ్యాయామం ఒక్కటే కన్నా క్లినిక్‌లో దగ్గరుండి చేయించినదే మెరుగని తేలింది.

ఉన్నట్టుండి రెండుగా కనిపిస్తే మాత్రం దారాలతో ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.