రైఫిల్ పాఠాలు – నాలుగో భాగం: జంతువు ముందు, గుండు తరువాత, క్యాలిబర్ చివర

గత భాగంలో గొట్టం లోపలి మెలి గాడులు గుండును ఎలా తిప్పుతాయో, ఆ తిరుగుడు వల్ల గుండు గాలిలో ఎలా నిలకడగా పోతుందో చూశాం. మొదటి భాగం నుంచీ పాఠకులు అడుగుతూ వచ్చిన ప్రశ్న, ఏ జంతువుకు ఏ క్యాలిబర్ తగినదన్నది, ఈ వారం చేపడుతున్నాను. అడిగినవారిలో ఎక్కువమంది ఇక్కడ బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, టెక్సస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లి, అక్కడ లైసెన్సుతో వేటకు బయలుదేరబోతున్న మనవాళ్లే. మిగిలినవారు ఇక్కడి క్లబ్బుల్లో గురి సాధన చేస్తూ, తమ చేతిలోని తూటా ఎందుకు అలా ఉందో తెలుసుకోగోరేవారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తోంది. మనుషుల ప్రాణాలకో పంటలకో ముప్పు వచ్చినప్పుడు అటవీ అధికారులు రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి ఈ పాఠంలోని వేట సంగతులన్నీ వేట చట్టబద్ధమైన దేశాలకు సంబంధించినవే.

ముందుగా రెండు మాటలను వేరు చేసుకోవాలి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు, ఇవన్నీ కలిసినది తూటా. గొట్టంలోంచి బయటికి పోయి జంతువును తాకేది గుండు మాత్రమే. వాడుకలో ఈ రెంటినీ బుల్లెట్ అనేస్తాం, అంగడిలో తప్పు పెట్టె కొనడం ఆ అలవాటు నుంచే మొదలవుతుంది.

క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసానికి దగ్గరి కొలత అని పుస్తకాలు చెబుతాయి, కానీ తూటా పేరులోని అంకెను కొలతగా కాక పేరుగానే చదవాలి. .270 విన్‌చెస్టర్ గుండు అసలు వ్యాసం .277 అంగుళం. మన సైన్యం చాలాకాలం వాడిన .303 గుండు వ్యాసం .311. .30-06లోని 06 అమెరికా సైన్యం దానిని స్వీకరించిన 1906వ సంవత్సరాన్ని సూచిస్తే, .30-30లోని రెండో 30 మొదట్లో అందులో పోసిన మందు తూకాన్ని సూచిస్తుంది. ఐరోపా పద్ధతి ఇంతకంటే సూటిగా ఉంటుంది: 7×57 అన్నప్పుడు 7 మిల్లీమీటర్ల క్యాలిబర్, 57 మిల్లీమీటర్ల పొడవైన కేసు అని అర్థం.

కాబట్టి గొట్టం మీద చెక్కిన పేరు, పెట్టె మీది పేరు, తూటా అడుగున ప్రైమర్ చుట్టూ అచ్చు వేసిన పేరు, మూడూ ఒక్కటే అయినప్పుడు మాత్రమే తూటాను చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, పెట్టాలి. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ మ్యాగజైన్‌లో చక్కగా కూర్చుంటుంది, ఒక్కోసారి చాంబర్‌లోకి కూడా దూరుతుంది. పేలిస్తే లావు గుండు సన్నని గొట్టంలోకి పోలేక రైఫిలే పగిలిపోతుంది. షాట్‌గన్ల సంగతి ఇంకా భయంకరం. వాటి గొట్టం లావును గేజిలో చెబుతారు, గేజి అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజి తూటా పొరపాటున 12 గేజి తుపాకీలో పడితే చాంబర్ దాటి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీగా ఉందనుకుని వెనక అసలు తూటా పెట్టి కాల్చినవాడి ఎడమచేతి దగ్గరే గొట్టం పేలుతుంది. అందుకే 20 గేజి తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ వచ్చింది. నా దగ్గర నేర్చుకునేవారికి మొదటి నెలంతా తూటా అడుగు చదవడమే పని, అది విసుగు పుట్టిస్తుందని తెలిసినా ఆ పద్ధతిని నేను మార్చలేదు.

ఇక బరువు. గుండు తూకాన్ని ఎక్కువగా గ్రెయిన్లలో చెబుతారు. ఈ కొలత మనకు పరాయిది కాదు. నేటి బంగారపు అంగళ్లలో కొందరు 10 గ్రాములుగా లెక్కగట్టే తులాన్ని పక్కన పెట్టండి. బ్రిటిష్ పాలనలో 1833లో ప్రమాణంగా నిర్ణయించిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. .30-06లో ఎక్కువగా వాడే 180 గ్రెయిన్ల గుండు కచ్చితంగా ఒక తులం తూగుతుందన్నమాట. .22 లాంగ్ రైఫిల్ గుండు 40 గ్రెయిన్లు, తులంలో పావు కూడా లేదు. .223 గుండు సాధారణంగా 55 గ్రెయిన్లు, .375 హెచ్ అండ్ హెచ్ గుండు 300 గ్రెయిన్లు, అంటే తులంన్నర దాటుతుంది. అమ్మమ్మ చేతి గాజుల తూకం తెలిసినవారికి ఈ బరువులు అరచేతిలో పెట్టినట్టే తెలుస్తాయి.

బరువుకు వేగం తోడైతే శక్తి వస్తుంది. గ్రాములలో గుండు బరువును సెకనుకు మీటర్లలో దాని వేగంతో రెండుసార్లు గుణించి 2,000తో భాగిస్తే జూల్స్ వస్తాయి. .22 లాంగ్ రైఫిల్ గుండు 2.6 గ్రాములు, వేగం సుమారు 330 మీటర్లు, శక్తి 140 జూల్స్. .223 గుండు 3.56 గ్రాములే అయినా వేగం 988 మీటర్లు కాబట్టి శక్తి 1,740 జూల్స్ దాకా ఉంటుంది. తులం గుండుతో .30-06 ఇచ్చేది 3,900 పైన, .375 ఇచ్చేది 5,700 పైన. ఇవన్నీ గొట్టం మూతి దగ్గరి లెక్కలు. గాలి ప్రతి మీటరుకూ కొంత తినేస్తుంది కనుక జంతువును తాకే చోట ఎంత మిగిలిందన్నదే లెక్క.

జర్మనీ చట్టం సరిగ్గా ఆ చోటునే కొలుస్తుంది. అక్కడ చిన్న రకమైన రో జింకకు 100 మీటర్ల దూరంలో కనీసం 1,000 జూల్స్ ఉండాలి. అడవిపందికీ పెద్ద దుప్పులకూ 6.5 మిల్లీమీటర్లకు తగ్గని క్యాలిబర్, 100 మీటర్ల దగ్గర 2,000 జూల్స్ ఉండాలి. .223కు గొట్టం మూతి దగ్గరే 2,000 లేదు కనుక రో జింకకు సరిపోయే ఆ రైఫిల్ అడవిపందికి పనికిరాదు. ఇంగ్లండులో కొలత వేరు, అక్కడ పెద్ద జింకలకు .240 అంగుళానికి తగ్గకూడదు, శక్తి మూతి దగ్గర 1,700 అడుగు-పౌండ్లు, అంటే దాదాపు 2,300 జూల్స్ ఉండాలి.

అయితే శక్తి లెక్క సరిపోయినంత మాత్రాన గుండు సరిపోయినట్టు కాదు. ఈ పాఠంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. గుండు కట్టుబడి చూడాలి. సీసాన్ని పూర్తిగా రాగి తొడుగులో కప్పిన గుండు మెత్తని ఒంట్లోంచి సన్నని బెజ్జం చేసి అవతలికి పోతుంది. జంతువు గాయంతో పరుగెత్తి, ఎక్కడో పొదలో గంటల తరబడి బాధపడి చస్తుంది. మూతి దగ్గర సీసం బయటికి కనిపించేలా వదిలిన సాఫ్ట్ పాయింట్ గుండు తగలగానే పుట్టగొడుగులా విప్పుకుని, ఊపిరితిత్తులను వెడల్పుగా చీల్చి, క్షణాల్లో ప్రాణం తీస్తుంది. ఇలా విప్పుకునే గుండ్లను 1890లలో కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధాగారంలో తయారుచేయడం వల్లే వాటికి ఆ ఊరి పేరు వచ్చింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. వేటలో నియమం తలకిందులు: జింక మీద విప్పుకునే గుండే వాడాలని ఇంగ్లండు చట్టం కోరుతుంది. జంతువును త్వరగా, బాధ లేకుండా చంపడం వేటగాడి బాధ్యత కాబట్టి ఈ తేడా న్యాయమైనదే.

కట్టుబడి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు 1860లలో మన వైపు నుంచి తీసుకెళ్లిన కణుజులు నేడు అక్కడి కొండల నిండా ఉన్నాయి. మగ కణుజు 200 కిలోలు దాటుతుంది. దానికి .270 అంగుళం, 130 గ్రెయిన్లకు తగ్గకూడదని అక్కడి నియమం. నా దగ్గర నేర్చుకుని మెల్‌బోర్న్‌లో స్థిరపడిన ఒక అబ్బాయి .308 రైఫిల్‌లో 150 గ్రెయిన్ల, పలుచని తొడుగు ఉన్న గుండు వాడాడు. నియమం ప్రకారం అది సరైనదే. గుండు భుజం ఎముకకు తగిలి అక్కడే చిట్లిపోయింది. రక్తపు జాడ పట్టుకుని నాలుగు గంటలు నడిచి, చీకటి పడేముందు దానిని చేరుకుని రెండో గుండుతో బాధ తీర్చాడు. చర్మం కింద దొరికిన మొదటి గుండు ఫొటో పంపాడు. తక్కెడ మీద అది 4 గ్రాములకు కొంచెం తక్కువ తూగుతోంది, బయలుదేరినప్పుడు 9.7 గ్రాములు. రాగి తొడుగు చేమంతి రేకుల్లా వెనక్కి విరిగి ఉంది, మధ్యలో సీసం దాదాపు మిగల్లేదు. ఆ తరువాత అతడు క్యాలిబర్ మార్చలేదు. సీసాన్ని తొడుగుకు అతికించి తయారుచేసిన 180 గ్రెయిన్ల గుండుకు మారాడు, అదే రైఫిల్ అప్పటినుంచి అతడిని నిరాశపరచలేదు.

చిన్న జంతువుల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కుందేలుకు .22 లాంగ్ రైఫిల్ చాలు, 50 మీటర్ల లోపల తలకు గురిపెట్టాలి. కానీ ఆ చిన్న గుండు మైలుకు పైగా పోగలదు, నీటి మీదా రాతి మీదా తగిలి దారి మళ్లుతుంది కనుక వెనక మట్టిగట్టు లేనిదే కాల్చకూడదు. నక్కలకు .223, కృష్ణజింకంత జంతువులకు .243, చుక్కల దుప్పికి .243 నుంచి .308 దాకా, ఇవి అందరూ ఒప్పుకునే జతలే.

పెద్దవాటి దగ్గర మళ్లీ ఆగాలి, ఎందుకంటే అక్కడ బరువొక్కటే చూస్తే మోసపోతాం. పులి 200 కిలోలు తూగినా దాని చర్మం పలుచన, కండ మెత్తన. దానికి బరువైన, విప్పుకునే గుండు కావాలి. మన బెంగళూరులోనే ఉండి, చిత్తూరు అడవుల దాకా నరభక్షక పులులను వెంటాడిన కెన్నెత్ ఆండర్సన్ చేతి రైఫిల్ .405 విన్‌చెస్టర్. 1904లో వచ్చిన ఆ తూటాలో 300 గ్రెయిన్ల మొద్దు మూతి గుండు దూరం పోయేకొద్దీ త్వరగా వేగం కోల్పోతుంది. మచాన్ మీద నుంచి, అంటే చెట్టు మీది మంచె నుంచి, ముప్పై నలభై మీటర్లలో కాల్చేవాడికి ఆ లోపం తగిలేది కాదు. ఏనుగు విషయంలో అంతా తిరగబడుతుంది. దాని తల ఎముక తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది, విప్పుకునే గుండు మెదడు చేరకముందే ఆగిపోతుంది. అందుకని అక్కడ సాలిడ్ అనే విప్పుకోని గట్టి గుండు వాడతారు. ఆఫ్రికాలో చాలాచోట్ల అడవిదున్నకూ ఏనుగుకూ .375 కనీస హద్దు. వెయ్యికి పైగా ఏనుగులను, వాటిలో చాలావాటిని 7×57తోనే, కొట్టిన వాల్టర్ బెల్ పేరు చెప్పి కొందరు ఈ హద్దును తేలిక చేస్తారు. ఏనుగు పుర్రెను కోయించి మెదడు ఏ కోణం నుంచి ఎక్కడ ఉంటుందో చదువుకున్న మనిషి ఆయన, ఆ చదువు లేనివాడికి ఆ సన్నని గుండు తగదు.

అలాగని అవసరానికి మించిన క్యాలిబర్ కొనడమూ తప్పే. .375 భుజాన్ని తన్నే తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవాడి కంటే, .243తో నిబ్బరంగా ఊపిరితిత్తుల మీద పెట్టగలవాడు దుప్పికి తక్కువ బాధ కలిగిస్తాడు.

ఇక్కడి పాఠకుల కోసం ఒక్క మాట. ఇషాపూర్ కర్మాగారం తయారుచేసే .315 రైఫిల్ వెనక చరిత్ర ఉంది. సైన్యం తూటాలు ప్రజల చేతికి పోకూడదని బ్రిటిష్ ప్రభుత్వం .303ను అడ్డుకోవడంతో, ఆస్ట్రియా సైన్యపు 8×50 మన్‌లిచర్ తూటాకు ఆ రైఫిల్‌ను మలిచారు. .303 నేటికీ నిషిద్ధ బోరే. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. సంచి అడుగున మరచిపోయిన తూటాతో విమానాశ్రయానికి వెళ్లినవారి మీద కేసులు పడుతున్నాయి, కనుక క్లబ్బు నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ జేబులూ సంచీ వెతుక్కోండి.

ఈ వారం అభ్యాసం. టెక్సస్ దక్షిణ మైదానాల్లో మన మనుబోతులు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి, మగది 250 కిలోలు తూగవచ్చు, చర్మం మందం, భుజం ఎముక గట్టి. దూరం 150 మీటర్లు, జంతువు పక్కకు తిరిగి నిలబడి ఉంది. మీ ముందు మూడు పెట్టెలు ఉన్నాయి: .243లో 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, .30-06లో 150 గ్రెయిన్ల పలుచని తొడుగు గుండు, .30-06లోనే 180 గ్రెయిన్ల అతికించిన గుండు. జంతువు నుంచి మొదలుపెట్టి, గుండు కట్టుబడి మీదుగా క్యాలిబర్ దాకా వచ్చి, ఏ పెట్టె తీస్తారో, మిగిలిన రెండూ ఎందుకు వదిలేస్తారో ఒక్కో దానికి రెండు వాక్యాల్లో రాయండి. శక్తి లెక్క వేసినవారు అంకెలు కూడా చూపండి. వచ్చే భాగంలో ఆ జవాబులతో మొదలుపెట్టి, జంతువు నిలబడిన కోణాన్ని బట్టి గుండు ఎక్కడ పెట్టాలో చూద్దాం.