తల లేని గిటార్‌కి బ్రిడ్జ్ కొనే ముందు మరలు చూడండి

నేను లేత్ మీద పనిచేసేవాణ్ణి. గిటార్ వాయించడం అంతంతమాత్రమే కానీ చేయడమంటే మాత్రం పిచ్చి. ఇప్పటికి మూడు హెడ్‌లెస్ గిటార్లు, అంటే తల లేనివి, చేశాను. మొదటిదాని బాడీ అటక మీదే పడి ఉంది. చెక్క కోసి, సాండ్‌పేపర్ పట్టి, పాలిష్ కూడా వేసేశాక బ్రిడ్జ్ (బాడీ మీద తీగల్ని మోసే లోహపు భాగం) తెప్పించాను. తీరా పెట్టి చూస్తే వెనక నాబ్‌లు తిప్పడానికి వేలు దూరే సందు లేదు. అప్పటినుంచీ నాదొకటే నియమం, బ్రిడ్జ్ చేతికి వచ్చి కాలిపర్‌తో కొలిచేదాకా రంపం ముట్టుకోను.

మామూలు గిటార్‌లో తీగని బిగించే పని తల మీది ట్యూనర్లది. ఇందులో తల లేదు కాబట్టి తీగ ఒక కొసని నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ళ ముక్క) దగ్గర పట్టి ఉంచి, రెండో కొసని బాడీ చివర ఒక మరతో వెనక్కి లాగుతాం. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తల లేని బేస్‌తో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. ఇప్పుడు దొరికే రకరకాల బ్రిడ్జ్‌ల లోపల పని అదే. తీగ ఆనే శాడిల్, దాని వెనక తీగని పట్టుకునే చిన్న దిమ్మ, ఆ దిమ్మని లాగే మర, మరని తిప్పే నాబ్. అమ్మేవాళ్ళు రంగు గురించీ లోహం గురించీ చెబుతారు. మీరు మర గురించి అడగండి.

ఎందుకో లెక్కతో చెబుతాను. 10-46 సెట్ తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్నది 10, లావుది 46 మందం), 25.5 అంగుళాల స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు), అంటే 648 మి.మీ. అనుకుందాం. శ్రుతికి తెచ్చాక ఆరు తీగల లాగుడు మొత్తం 47 కిలోల దాకా ఉంటుంది, ఒక్కో తీగకి ఏడు నుంచి తొమ్మిది కిలోలు. ఆ బిగువు రావడానికి సన్న ఇ తీగ సుమారు నాలుగున్నర మి.మీ. సాగాలి. మూడోది, 17 గేజ్ జి తీగ, దానికంటే లావు కాబట్టి ఒకటిన్నర మి.మీ. సాగితే చాలు. మామూలు ఎమ్4 (4 మి.మీ. వ్యాసం) మర ఒక చుట్టుకి 0.7 మి.మీ. కదులుతుంది. లేత్ వాళ్ళం దీన్ని పిచ్ అంటాం, సంగీతం వాళ్ళ పిచ్ వేరు, కంగారు పడకండి. అంటే నాబ్ ఒక చుట్టు తిప్పితే సన్న ఇ తీగ ఒక అరస్వరం కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. అదే చుట్టుకి జి తీగ దాదాపు మూడు అరస్వరాలు ఎగబాకుతుంది! హెడ్‌లెస్ గిటార్లో జి తీగ శ్రుతి కుదరడం లేదని చాలామంది నట్‌ని తిడతారు, తీగల్ని తిడతారు. చాలాసార్లు దోషం ముతక మరది. 0.5 మి.మీ. పిచ్ ఉన్న సన్న మర దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. నాబ్ వ్యాసం పెద్దదైతే కూడా సాయమే, వేలితో చిన్న కదలిక ఇవ్వడం తేలిక.

దిమ్మ ఎంత దూరం జరగగలదో కూడా చూడాలి. సన్న ఇ తీగకే నాలుగున్నర మి.మీ. పోతే, తీగ పెట్టేటప్పుడు మిగిలే వదులు, కొత్త తీగ ఒకటి రెండు రోజులు సాగే సాగుడు దానికి కలుస్తాయి. మొత్తం జరుగు పది మి.మీ. కంటే తక్కువున్న బ్రిడ్జ్‌ని నేను కొనను. తీగ వేసేటప్పుడు దిమ్మని పూర్తిగా ముందుకి తెచ్చి, తీగని చేత్తో గట్టిగా లాగి పట్టుకుని నట్ దగ్గర బిగిస్తే, ఆ పది మి.మీ. సరిపోతుంది.

ఇక రాపిడి. ఎనిమిది కిలోల లాగుడు మీద నాబ్ తిరగాలి. నాబ్‌కీ దిమ్మకీ మధ్య చిన్న బేరింగ్ గానీ, కనీసం ఇత్తడి వాషర్ గానీ ఉందేమో చూడండి. ఫొటోలో కనబడకపోతే లేదనే అనుకోండి. నా రెండో గిటార్‌కి వేసిన బ్రిడ్జ్ తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు. మర స్టెయిన్‌లెస్, అది దూరే దిమ్మా స్టెయిన్‌లెస్. గ్రీజు లేకుండా అలాంటి జత లోడు మీద ఒకదాన్నొకటి కరిచి పట్టేసుకుంటుందని వర్క్‌షాపులో ఎన్నోసార్లు చూసినవాణ్ణే, బొమ్మ చూసి మోసపోయాను. మూడు నెలలకి ఒక తీగ మర అక్కడే పట్టేసింది. డ్రిల్ చేసి తీయాల్సి వచ్చింది. ఉక్కు మర ఇత్తడి దిమ్మలో తిరిగితే ఆ బాధ ఉండదు. అల్యూమినియం దిమ్మలో నేరుగా మర కోసి ఉంటే కొన్నేళ్ళకి అరుగుతుంది. లోపల ఇత్తడి బుష్ ఉంటే బాగు. ఏదైనా సరే, బిగించే ముందు మరకీ వాషర్ ముఖానికీ చీపురుపుల్ల కొసంత గ్రీజు పెట్టండి. నాబ్ కొసలో అల్లెన్ కీ దూరే బెజ్జం ఉంటే ఇంకో మార్కు వేయండి, చెమట చేతులతో వేదిక మీద ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆరు తీగలకీ ఒకే ప్లేటు ఉన్న బ్రిడ్జా, తీగకొకటి విడివిడిగా ఉండేవా? మొదటి గిటార్ అయితే ప్లేటుదే తీసుకోండి. తీగల మధ్య దూరం దానంతటదే కుదురుతుంది. విడి ముక్కలు ఫ్యాన్ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డకడ్డీల్ని, అంటే ఫ్రెట్లని, విసనకర్రలా పరిచే పద్ధతి) చేసేవాళ్ళకి తప్పవు కానీ, ఒక్కోదాన్నీ తీగ దారి మీద వంకర లేకుండా నిలపడం ఓర్పుతో కూడిన పని. ఏది కొన్నా దూరాల లెక్క ముందే కాగితం మీద వేయండి. నట్ దగ్గర రెండు ఇ తీగల మధ్య 35 మి.మీ., బ్రిడ్జ్ దగ్గర 10.5 చొప్పున ఐదు సందులు, అంటే 52.5 మి.మీ. ఇరవై నాలుగో ఫ్రెట్ నట్ నుంచి ముప్పాతిక దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ తీగల వెడల్పు సుమారు 48 మి.మీ. అటూ ఇటూ మూడేసి వదిలితే నెక్ అక్కడ కనీసం 54 మి.మీ. ఉండాలి. తక్కువైతే వాయిస్తుంటే తీగ అంచు దాటి జారుతుంది.

ఎత్తు లెక్క చాలామంది మరిచిపోతారు. ఫ్రెట్‌బోర్డు బాడీ పైన 6 మి.మీ. లేచి ఉందనుకోండి. ఫ్రెట్ ఎత్తు ఒక మి.మీ. పైచిలుకు, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 1.6 మి.మీ. ఎత్తున ఉంటే బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి మూడు అవుతుంది. కూడితే పది. శాడిల్ కనిష్ఠ ఎత్తు పన్నెండు ఉన్న బ్రిడ్జ్ కొంటే దాన్ని చెక్కలోకి దించాలి, లేదా నెక్‌ని పైకి లేపాలి. చెక్క కోయకముందు రెండూ సులువే, కోశాక రెండూ ఏడుపే.

నిలిపే చోటు గుర్తించేటప్పుడు సన్న ఇ శాడిల్‌ని దాదాపు పూర్తిగా ముందుకి తోసి, అక్కడ సరిగ్గా 648 పడేలా చూసుకోండి. ఫ్రెట్ల మీద శ్రుతి కుదరడానికి మిగతావన్నీ వెనక్కే జరుగుతాయి, లావు ఇ మూడు నాలుగు మి.మీ. పోవచ్చు. వెనక నాబ్‌ల చుట్టూ రెండు వేళ్ళు తిరిగే గూడు వదలండి. నా అటక మీది బాడీని తలుచుకోండి.

లోహం మారితే ధ్వని ఎంత మారుతుందని అడిగితే, నా చెవికి పెద్ద తేడా తెలియలేదు. బరువు తేడా మాత్రం నిజం, ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లు బరువు. చిన్న బాడీకి వెనకవైపు ఆ బరువు ఎక్కువైతే నెక్ పైకి లేస్తుంది. ట్రెమొలో (మీటతో తీగల బిగువు మార్చే బ్రిడ్జ్) జోలికి మొదటిసారి వెళ్ళకండి.

నట్ వైపు పట్టీలో రెండు రకాలున్నాయి. స్టైన్‌బర్గర్ పద్ధతిలో రెండు కొసలా గుండు ఉన్న తీగలు కావాలి, మార్చడం క్షణాల్లో పని, కానీ ఆ తీగలు అన్నిచోట్లా దొరకవు. అల్లెన్ స్క్రూతో నొక్కి పట్టే రకమైతే ఏ తీగైనా వేయొచ్చు. స్క్రూ కొస నేరుగా తీగ మీద నొక్కే పట్టీ వద్దు, సన్న తీగని తెంపుతుంది. మధ్యలో చిన్న పలక ఉండాలి. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పే కొస ఆ పట్టీ కింద మూసుకుపోతుందేమో కూడా చూసుకోండి, నేను ఆ కొసని నెక్ మడమ వైపు (బాడీతో కలిసే చోట) పెట్టేస్తాను.

ఎర్త్ వైరు సంగతి. విడి ముక్కలైతే ఆరింటికీ ఎర్త్ తగలాలి, కింద రాగి రేకు ఒకటి పరిస్తే సరిపోతుంది. నల్లరంగు అల్యూమినియం బ్రిడ్జ్ మీద ఉండే అనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు. అడుగున సాండ్‌పేపర్‌తో గీకి తెల్ల లోహం బయటికి తీయండి. తీగలు వేశాక మల్టీమీటర్ ఒక కొస జాక్ ఎర్త్‌కి, రెండోది ఒక్కో తీగకీ ఆనించండి. ఆరుసార్లూ బీప్ వచ్చాకే వెనక మూత బిగించండి.